హైదరాబాద్ డాబా మీద ప్యాకెట్ రేడియో: డైర్‌వుల్ఫ్‌ను మొదటి నుంచి సెట్ చేసుకోవడం

ప్యాకెట్ స్టేషన్, అంటే రేడియోలో డేటాను ముక్కలుగా పంపే స్టేషన్, పెట్టాలనుకునే కొత్త హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాళ్లు) ఎక్కువగా ఒకే తప్పు చేస్తారు. నేనూ చేశాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే కాల్‌సైన్ రాసేసి, పీటీటీ తీగ (రేడియోను ప్రసారంలోకి మార్చేది) తగిలించి, బీకన్ (మనం ఉన్న చోటు చెప్పే ప్యాకెట్) పంపేసి, మ్యాప్‌లో మన ఇల్లు కనిపిస్తుందా అని చూస్తూ కూర్చుంటాం. కనిపించదు. అప్పుడు కాన్ఫిగ్ ఫైలులో ఉన్న ప్రతి అంకెనూ కెలకడం మొదలుపెడతాం. తెల్లారేసరికి ఏది మార్చామో, ఎందుకు మార్చామో మనకే గుర్తుండదు.

ఈ గైడ్‌లో వరుస వేరు. ముందు రేడియో లేకుండా సాఫ్ట్‌వేర్, తర్వాత వినడం, ఆ తర్వాత కొన్ని రోజులు ఊరికే వింటూ ఉండడం, అన్నిటికన్నా చివర పంపడం. వినడం సరిగ్గా కుదిరితే పంపడానికి ఒక్క సాయంత్రం చాలు.

ఒక మాట ముందే చెబుతాను. కమాండ్లనూ, కాన్ఫిగ్ ఫైలులోని పదాలనూ పలికినట్టు తెలుగులోనే రాశాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

లైసెన్సు, కాస్త నేపథ్యం

పంపాలంటే ఏఎస్‌ఓసీ అనే హ్యామ్ పరీక్ష పాసై, టెలికమ్యూనికేషన్స్ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు చేతిలో ఉండాలి. జనరల్ గ్రేడ్ వాళ్లకు వీయూ2, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్లు వస్తాయి. ఎఫ్ఎమ్ రేడియోలో ఆడియో టోన్లతో డేటా పంపడాన్ని ఎమిషన్ల (ప్రసార రకాల) భాషలో ఎఫ్2డీ అంటారు. మీ లైసెన్సులో ఏ ఎమిషన్లు, ఏ బ్యాండ్లు ఉన్నాయో ఒకసారి తీసి చూసుకోండి. లైసెన్సు రాగానే ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, అందులో ఏముందో చదవని వాళ్లు నాకు చాలామందే తెలుసు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి సమాచారం బయటికి పంపిన హ్యామ్‌ల జట్టు ఈ సంస్థదే. నగరంలో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎవరు ఏం చేస్తున్నారో ఇలాంటి చోట కలిసే సీనియర్లకు తెలిసినట్టు ఏ వెబ్‌సైటుకూ తెలియదు.

ప్యాకెట్ రేడియో అంటే ఏఎక్స్.25 అనే ప్రొటోకాల్. ప్రతి ప్యాకెట్‌లో ఎవరికి, ఎవరి నుంచి, ఏ దారిలో అన్న చిరునామాలు ఉంటాయి. చివర తప్పులు పట్టుకునే రెండు బైట్ల లెక్క ఉంటుంది. ఒక్క బిట్ తారుమారైనా ఆ ప్యాకెట్‌ను సాఫ్ట్‌వేర్ పారేస్తుంది. ఫోన్‌లో మాట సగం వినిపిస్తే మిగతాది ఊహించుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. ధ్వని స్థాయిల గురించి నేను ఇంత సతాయించేది అందుకే.

టూ మీటర్ బ్యాండ్ (144 మెగాహెర్ట్జ్ ప్రాంతం) మీద మామూలు వేగం సెకనుకు 1200 బిట్లు. 1200 హెర్ట్జ్ ఒక టోన్, 2200 హెర్ట్జ్ ఇంకో టోన్. వీటి మధ్య మారుతూ డేటా పోతుంది. చెవికి అది గరగర కలిసిన కీచు శబ్దంలా ఉంటుంది. పాత డయలప్ ఇంటర్నెట్ వాడినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒకప్పుడు ఈ పని చేయడానికి టీఎన్‌సీ అనే పెట్టె కొనాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పెట్టె పనిని కంప్యూటర్ సౌండ్‌కార్డే చేస్తుంది. అందుకు నేను వాడే ప్రోగ్రామ్ డైర్‌వుల్ఫ్. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

సామాను

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి (ఇక ముందు ఉత్త “పై” అన్నా ఇదే). మూడో తరందైనా చాలు. దానికి మైకు ఇన్‌పుట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ సౌండ్‌కార్డు తప్పదు. రేడియో మీ దగ్గర ఏది ఉంటే అది. మొదట్లో చైనా చేతి రేడియో సరిపోతుంది. ఇక మిగిలింది రేడియోకీ సౌండ్‌కార్డుకీ మధ్య తీగ. మీకు సోల్డరింగ్ ఇష్టమైతే కోఠి గుజరాతీ గల్లీలో ఒక మధ్యాహ్నం తిరిగితే 600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, ప్లగ్‌లు, షీల్డు తీగ దొరుకుతాయి. ఓపిక లేకపోతే డిజిరిగ్ లాంటి సిద్ధంగా ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకోండి. అందులో సౌండ్‌కార్డు, పీటీటీ రెండూ ఉంటాయి.

ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకంటే, రేడియో ఒక పవర్ సప్లై మీద, పై ఇంకో చార్జర్ మీద నడుస్తుంటే వాటి గ్రౌండ్‌ల మధ్య హమ్ పాకుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్లు, ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు చేసే గోల దీనికి అదనం. కరెంటు ఉన్నప్పుడు ప్యాకెట్లు బాగా వచ్చి, ఇన్వర్టర్ మీదికి మారగానే ఆగిపోతే సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి.

మొదటి పని: రేడియో లేకుండా

పైలో డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ ఎక్కించండి. డెస్క్‌టాప్ ఉంటే దాని ఆడియో సర్వర్ సౌండ్‌కార్డును ముందే పట్టేసుకుని, డైర్‌వుల్ఫ్‌కు “డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ” అన్న జవాబు మిగులుస్తుంది.

డైర్‌వుల్ఫ్‌ను తెచ్చుకోవడానికి రెండు దారులు. తేలిక దారి ఇది:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డైర్‌వుల్ఫ్

రెండోది గిట్‌హబ్ నుంచి సోర్స్ తెచ్చుకుని సీమేక్‌తో మనమే కట్టుకోవడం. కొత్త వెర్షన్ కావాలంటే ఇదే మంచిది. అయితే కట్టే ముందు లిబ్అసౌండ్2-డెవ్, లిబ్‌యుడెవ్-డెవ్ ప్యాకేజీలు వేసుకోవడం మరచిపోకండి. రెండోది లేకపోయినా బిల్డ్ అయిపోతుంది, కానీ యూఎస్‌బీ సౌండ్‌కార్డు పిన్ను ద్వారా పీటీటీ నడిపే సదుపాయం మాత్రం అందులో ఉండదు. తప్పు ఎక్కడుందో దొరకక నెత్తి గోక్కునే రకం సమస్య ఇది.

ఇప్పుడు రేడియో జోలికి పోకుండా ఒక పరీక్ష పెడదాం. డైర్‌వుల్ఫ్‌తోపాటు రెండు చిన్న ప్రోగ్రాములు వస్తాయి. ఒకటి ప్యాకెట్ల ధ్వనిని తయారుచేసి ఫైలులో పెడుతుంది, ఇంకోటి ఆ ఫైలును విని విప్పుతుంది.

జెన్_ప్యాకెట్స్ -ఎన్ 100 -ఓ టెస్ట్.వావ్
ఏటెస్ట్ టెస్ట్.వావ్

వంద ప్యాకెట్లు తయారవుతాయి. ఒక్కోదానికీ కావాలనే కొంచెం కొంచెంగా నాయిస్ పెంచుకుంటూ పోతుంది. అందుకే వందకు వంద రావు, రాకూడదు కూడా. మొదటివన్నీ వచ్చి, చివరివి మునిగిపోతే ప్రోగ్రామ్ బాగున్నట్టు. ఇక ముందు ఏ సమస్య వచ్చినా అది తీగలో, స్థాయిల్లో, రేడియోలో ఉంటుంది గానీ ప్రోగ్రామ్‌లో ఉండదని మీకు ధీమా వస్తుంది. అయిదు నిమిషాల ఈ పని ఎన్నో రాత్రుల నిద్ర కాపాడుతుంది.

రెండో పని: సౌండ్‌కార్డు పేరు

సౌండ్‌కార్డు గుచ్చి ఈ రెండు కమాండ్లు ఇవ్వండి:

ఏరికార్డ్ -ఎల్
ఏప్లే -ఎల్

మొదటిది వినే పరికరాలను, రెండోది పలికే పరికరాలను చూపిస్తుంది. యూఎస్‌బీ కార్డుకు ఒక అంకె, ఒక పేరు కనిపిస్తాయి. చాలా ట్యుటోరియళ్లు ఆ అంకెనే కాన్ఫిగ్‌లో రాయమంటాయి. నా సలహా వేరు, పేరు రాయండి. రీబూట్ అయినప్పుడు అంకెలు అటూ ఇటూ మారతాయి, పేరు మారదు. పేరు “డివైస్” అని కనిపించింది అనుకుంటే, హోమ్ డైరెక్టరీలో డైర్‌వుల్ఫ్.కాన్ఫ్ ఫైలు తెరిచి ఈ మూడు నాలుగు లైన్లు ఉంచండి:

ఏడివైస్ ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:కార్డ్=డివైస్,డెవ్=0
ఛానల్ 0
మైకాల్ వీయూ3ఎక్స్ఎక్స్ఎక్స్
మోడెమ్ 1200

ఏడివైస్ విలువలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఎలా కనిపించాయో అలాగే రాయాలి. “ప్లగ్” అన్న ముక్క వదిలేసి ఉత్త హెచ్‌డబ్ల్యూ రాస్తే, కార్డు మోనో మాత్రమే ఇస్తుంటేనో, శాంప్లింగ్ వేగం కుదరకపోతేనో గొడవ మొదలవుతుంది. ప్లగ్ ఉంటే ఆ మార్పిడులు అదే చూసుకుంటుంది.

కాల్‌సైన్ దగ్గర మీది పెట్టుకోండి. దాని పక్కన 0 నుంచి 15 దాకా ఒక అంకె తగిలించవచ్చు. దాన్ని ఎస్ఎస్ఐడీ అంటారు. ఒకే మనిషికి ఇంట్లో ఒక స్టేషన్, కారులో ఒకటి, చేతిలో ఒకటి ఉంటే తేడా తెలియడానికి. వాడుకలో 7 చేతి రేడియోకు, 9 బండికి, 10 ఇంటర్నెట్ గేట్‌వేకు స్థిరపడిపోయాయి. ఇంటి స్టేషన్‌కు ఏమీ పెట్టకపోయినా ఫర్వాలేదు.

కాన్ఫిగ్ ఫైలులో ఉన్న మిగతా వందల లైన్ల ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది. వాటిని ఇప్పుడు ముట్టుకోకండి.

మూడో పని: వినడం

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోవాలి.

ముందు రేడియోను సిద్ధం చేయండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును మూసేసే ఏర్పాటు) సున్నా. స్క్వెల్చ్ తెరుచుకునేలోపు ప్యాకెట్ తల భాగం పోతుంది, తల పోతే మొత్తం పోయినట్టే. అందుకని ఎప్పుడూ తెరిచే ఉంచాలి. హోరు వినిపిస్తూనే ఉంటుంది, ఉండనివ్వండి. బ్యాటరీ ఆదా చేసే సేవ్ మెనూ ఆఫ్ చేయండి. అది రేడియోను మధ్యమధ్య నిద్రపుచ్చుతుంది. రెండు ఫ్రీక్వెన్సీలు మార్చి మార్చి వినే టీడీఆర్ ఆఫ్, బీప్ ఆఫ్, వాయిస్ ప్రాంప్ట్ ఆఫ్. బ్యాండ్‌విడ్త్ వైడ్‌లో ఉండాలి.

ఫ్రీక్వెన్సీ విషయం. ఏపీఆర్‌ఎస్‌కు, అంటే స్టేషన్లు తామున్న చోటును ప్యాకెట్లలో పంచుకునే పద్ధతికి, ఉత్తర అమెరికాలో 144.390 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 144.800 వాడతారు. ఇంటర్నెట్‌లో దొరికే కాన్ఫిగ్ ఫైళ్లు, రేడియో ప్రోగ్రామింగ్ ఫైళ్లు ఏదో ఒక దేశానివి అయి ఉంటాయి. కళ్లు మూసుకుని ఎక్కించకుండా, మన నగరంలో హ్యామ్‌లు ఒప్పుకుని వాడుతున్నది ఏదో సీనియర్‌ను అడిగి అదే పెట్టండి. మన దేశంలో టూ మీటర్ బ్యాండ్ 144 నుంచి 146 దాకా మాత్రమే అన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ధ్వని స్థాయిలు సర్దే ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి యూఎస్‌బీ కార్డును ఎంచుకోండి. ఎఫ్4 నొక్కితే వినే వైపు స్థాయి కనిపిస్తుంది. రెండు పనులు తప్పనిసరి. ఒకటి, “ఆటో గెయిన్ కంట్రోల్” అన్నదాన్ని ఎమ్ నొక్కి ఆపేయాలి. ఇది నిశ్శబ్దంలో హోరును పైకి లేపి, ప్యాకెట్ రాగానే కిందికి తోస్తుంది. మన పనికి శత్రువు. రెండు, ఎఫ్3 నొక్కి పలికే వైపు చూస్తే అక్కడ కూడా “మైక్” అని ఒక నిలువు గీత ఉండవచ్చు. దాన్ని మ్యూట్ చేయాలి. లేకపోతే వినిపించినదంతా అటు తిరిగి ఇటు మళ్లీ రేడియోలోకే పోతుంది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

డైర్‌వుల్ఫ్ నడపండి. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ దాని పైలైనులో ఆడియో లెవెల్ అని ఒక అంకె వస్తుంది. అది 50 దగ్గర్లో ఉండాలి. 30 వచ్చినా, 70 వచ్చినా కంగారు అక్కర్లేదు. 100 దాటి పోతుంటే ధ్వని పైన కత్తిరించుకుపోతోందని అర్థం. 5, 6 వస్తుంటే సౌండ్‌కార్డు సొంత నాయిస్‌లో ప్యాకెట్ కలిసిపోతుంది. రేడియో వాల్యూమ్‌ను నాలుగో వంతు దగ్గర పెట్టి, ఆ నాబ్ మీద పెన్నుతో ఒక గీత గీసి, ఇక మిగతా సర్దుబాటు అంతా మిక్సర్‌లోనే చేయండి. ఇంట్లో ఎవరో దుమ్ము తుడుస్తూ నాబ్ తిప్పేసినప్పుడు ఆ గీత విలువ తెలుస్తుంది.

ఆ అంకె పక్కన బ్రాకెట్‌లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి. కింది టోన్ బలం, పై టోన్ బలం. స్పీకర్ జాక్ నుంచి తీసుకుంటే పై టోన్ కాస్త తగ్గి ఉండడం మామూలే, రేడియోలోని డీ-ఎంఫసిస్ వల్ల అలా అవుతుంది. డైర్‌వుల్ఫ్ ఆ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. కానీ ఒకటి 60, ఇంకోటి 8 అన్నట్టుంటే తీగలో కెపాసిటర్ ఏదో తప్పుగా పడింది.

స్థాయి కుదిరాక దాన్ని దాచండి, లేకపోతే రీబూట్‌కు పోతుంది:

సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్

ఛానల్ మీద ప్యాకెట్లే లేకపోతే స్థాయి ఎలా చూసుకోవాలి అన్నది న్యాయమైన ప్రశ్న. మన దగ్గర రోజంతా నిండుగా ఉండే ఛానల్ కాదు ఇది. దానికి ఒక ఉపాయం ఉంది. రేడియోను 145.825 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ప్యాకెట్ డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ను తిరిగి ప్రసారం చేసే స్టేషన్) ఫ్రీక్వెన్సీ అది. కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరుగుతుంది. మన నెత్తి మీదుగా పోయినప్పుడు దాదాపు పది నిమిషాలు అందుతుంది. ఫోన్‌లో పాస్ టైము చూపించే యాప్ పెట్టుకుని ఆ సమయానికి డాబా ఎక్కండి. ఆ పది నిమిషాల్లో వేర్వేరు ఊళ్ల హ్యామ్‌ల ప్యాకెట్లు తెర మీద వరుసగా పడుతుంటే ఆ ఆనందమే వేరు. కేంద్రం దగ్గరికి వస్తున్నప్పుడు, దూరంగా పోతున్నప్పుడు డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్‌కు పైగా జరుగుతుంది. ఎఫ్ఎమ్‌లో 1200 వేగానికి అది పెద్దగా అడ్డు రాదు. ఆ పరికరం అప్పుడప్పుడు ఆపి ఉంటుంది లేదా వాయిస్ పనిలో ఉంటుంది కాబట్టి ఒక్క పాస్‌లో ఏమీ రాలేదని మిక్సర్ కెలకకండి.

యాంటెన్నా గురించి రెండే మాటలు. రేడియోతో వచ్చిన రబ్బరు యాంటెన్నాను ఇంట్లో బీరువా పక్కన పెట్టి ఫలితం ఆశించకండి. సుమారు అర మీటరు పొడవున్న పావు తరంగం కడ్డీ డాబా మీద వాటర్ ట్యాంకు కంటే ఎత్తులో నిలబడితే అదే ఎక్కువ పని చేస్తుంది. మన నగరం రాతి గుట్టల మీద కట్టింది. బంజారాహిల్స్ పైన ఉన్నవాడికి వచ్చే ప్యాకెట్ గుట్ట వెనక పల్లంలో ఉన్నవాడికి రాకపోవచ్చు. ఆ తేడాను సాఫ్ట్‌వేర్ పూడ్చలేదు. ఇంకోటి, 30 మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 తీగలో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది. తీగ పొడుగ్గా లాగే బదులు పైను, రేడియోను పై అంతస్తుకే మార్చడం నయం.

ఇలా కనీసం వారం వినండి. ఒక లాగ్ కూడా పెట్టుకోండి. డైర్‌వుల్ఫ్‌ను నడిపేటప్పుడు -ఎల్ పెట్టి ఒక ఫోల్డర్ పేరు ఇస్తే రోజుకో ఫైలు రాస్తుంది. అందులో సమయం యూటీసీలో ఉంటుంది. మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక. పొద్దున అయిదున్నరకు ఫైలు మారుతోందేమిటి అని నేను మొదట్లో తికమకపడ్డాను.

నాలుగో పని: పీటీటీ

ఇక పంపడం. పీటీటీకి మూడు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి.

వాక్స్ మొదటిది, అంటే ధ్వని వినపడగానే రేడియో తనంతట తాను పంపడం. తీగ తేలిక. కానీ మాట ఆగాక కూడా వాక్స్ కొంతసేపు పట్టుకుని ఉంటుంది. ఆ లోపు అవతలివాడి జవాబు వచ్చి పోతుంది. ఒకసారి చూడడానికి బాగానే ఉంటుంది, రోజూ వాడడానికి కాదు.

రెండోది సీరియల్ పోర్టులోని ఆర్‌టీఎస్ తీగ. కాన్ఫిగ్‌లో ఇలా:

పీటీటీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 ఆర్‌టీఎస్

మూడోది సీఎమ్108 రకం సౌండ్‌కార్డు చిప్పులోని పిన్ను. దానికి “పీటీటీ సీఎమ్108” అంటే చాలు. ఉత్త కార్డులో చిప్పు కాలికి సన్నటి తీగ సోల్డర్ చేయాలి, చేయి వణికేవాళ్లు పెట్టుకోవద్దు. నేరుగా చేతి రేడియోకు గుచ్చే ఏఐఓసీ కేబుల్‌లో ఇది ముందే ఉంటుంది. పైలోని జీపీఐఓ పిన్నులతో కూడా చేయవచ్చు గానీ కొత్త కెర్నెళ్లలో ఆ పిన్నుల అంకెల వ్యవహారం మారింది. పాత ట్యుటోరియల్ చూసి పెడితే తప్పులొస్తాయి. అందుకే కొత్తవాళ్లకు నేను పైన చెప్పిన రెండో పద్ధతి గానీ, మూడో పద్ధతి గానీ చెబుతాను.

మీ లినక్స్ యూజర్‌ను డయలౌట్, ఆడియో గ్రూపుల్లో చేర్చండి. లేకపోతే పోర్టు తెరవడానికి అనుమతి లేదంటుంది.

ఆర్‌టీఎస్‌తో నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. లినక్స్‌లో ఏ ప్రోగ్రామ్ సీరియల్ పోర్టును తెరిచినా ఆర్‌టీఎస్ తీగ పైకి లేస్తుంది. నేను ఒక రోజు జీపీఎస్ కోసం ఇంకో ప్రోగ్రామ్ వేశాను. అది యూఎస్‌బీ సీరియల్ పోర్టులన్నిటినీ తట్టి చూస్తూ నా పీటీటీ పోర్టునూ తెరిచింది. రేడియో పంపడం మొదలుపెట్టింది. నేను కింద భోజనం చేస్తున్నాను. పైకి వచ్చి చూస్తే రేడియో ఇస్త్రీ పెట్టెలా ఉంది. అంతసేపూ ఛానల్‌ను ఉత్త క్యారియర్‌తో మూసేశానన్న సిగ్గు దానికి అదనం. ఆ రోజు నుంచి నా మొదటి నియమం ఇది: పీటీటీ తీగ తగిలించే ముందు రేడియో మెనూలో టీఓటీ, అంటే గరిష్ఠ ప్రసార సమయం, 15 సెకన్లకు పెట్టాలి. మామూలు ప్యాకెట్‌కు ఒకటి రెండు సెకన్లు చాలు. శక్తి కూడా లో పవర్‌లోనే ఉంచండి.

అయిదో పని: పంపే స్థాయి

దీన్ని దాదాపు అందరూ ఎక్కువ పెడతారు. గట్టిగా పంపితే దూరం పోతుందని మనసు చెబుతుంది. ఎఫ్ఎమ్‌లో అలా కాదు. ఆడియో ఎక్కువైతే డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) ఎక్కువవుతుంది, టోన్లు వంకర పోతాయి, పక్క ఫ్లాట్‌లో ఉన్నవాడికి కూడా ప్యాకెట్ విప్పబడదు. డీవియేషన్ 3 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటే బాగుంటుంది.

కొలిచే పరికరం మన దగ్గర ఉండదు. అందుకు ఇంకో రేడియో, ఇంకో కంప్యూటర్ ఉన్న స్నేహితుడు కావాలి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (శక్తిని గాలిలోకి వదలకుండా వేడిగా మార్చేది) పెట్టుకోండి. వినే రేడియోను మరీ దగ్గర పెట్టకండి. ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీలో ఈ కమాండ్‌తో రెండు టోన్లూ మార్చి మార్చి పంపవచ్చు:

డైర్‌వుల్ఫ్ -ఎక్స్ ఏ

ఆల్సామిక్సర్‌లో పలికే వైపు స్థాయిని బాగా కిందికి దించి మెల్లగా పెంచుతూ రండి. అవతలి రేడియోలో శబ్దం మొదట పెరుగుతుంది. ఒక దశ దాటాక పెరగడం ఆగిపోయి గరుకుగా మారుతుంది. ఆ దశ నుంచి స్పష్టంగా వెనక్కి, దాదాపు సగానికి తగ్గించండి. తర్వాత నిజమైన ప్యాకెట్లు పంపి, స్నేహితుడి తెర మీద ఆడియో లెవెల్ చూడండి. అతనికి మిగతా మంచి స్టేషన్ల నుంచి వచ్చే అంకెకు మీ అంకె దగ్గరగా ఉంటే పని అయింది.

ఇంకో ముఖ్యమైన విలువ టీఎక్స్‌డిలే. పీటీటీ నొక్కిన తర్వాత డేటా మొదలుపెట్టే ముందు ఎంతసేపు ఆగాలో చెబుతుంది. యూనిట్ 10 మిల్లీసెకన్లు. ముందుగా ఉండే విలువ 30, అంటే 300 మిల్లీసెకన్లు. కొన్ని చేతి రేడియోలు మేల్కోవడానికి ఇంకాస్త సమయం తీసుకుంటాయి, వాటికి 40 లేదా 50 పెట్టి చూడండి. అవసరం లేకుండా పెంచకండి. వంద బైట్ల ప్యాకెట్‌కు 1200 వేగంలో సెకనులో మూడింట రెండు వంతుల సమయం చాలు. దానికి ఒక సెకను టీఎక్స్‌డిలే పెడితే సరుకు కంటే బండి బరువెక్కువ అవుతుంది. స్లాట్‌టైమ్, పర్సిస్ట్ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

ఆరో పని: బీకన్

ఒక్క లైను:

పీబీకన్ డిలే=1 ఎవ్రీ=30 సింబల్="హౌస్" ల్యాట్=17^23.10ఎన్ లాంగ్=78^29.20ఈ

ఇక్కడ అంకెలు నగరం నడిబొడ్డువి, మీవి పెట్టుకోండి. మ్యాప్ యాప్ 17.385 అని దశాంశాల్లో ఇస్తుంది. డిగ్రీలు-నిమిషాల రూపంలో రాయాలంటే చుక్క తర్వాతి భాగాన్ని 60తో హెచ్చించాలి. 0.385ను హెచ్చిస్తే 23.10. అలా కాకుండా 17.385 అని నేరుగా రాసినా డైర్‌వుల్ఫ్ ఒప్పుకుంటుంది. రెండిటినీ కలిపేసి 17^38.5 అని రాయడమే ప్రమాదం.

ఇంకో ప్రమాదం నాకే జరిగింది. రెండు అంకెలూ తారుమారు చేశాను. హైదరాబాద్ విషయంలో ఇందులో తమాషా ఏమిటంటే, అక్షాంశం 78, రేఖాంశం 17 కూడా భూమి మీద సరైన చోటే, అందుకే సాఫ్ట్‌వేర్ చిన్న హెచ్చరిక కూడా ఇవ్వదు. ఆ చోటు ఉత్తర ధ్రువం దగ్గర్లోని స్వాల్‌బార్డ్. సాయంత్రం మ్యాప్ చూసిన సీనియర్ ఒకాయన ఫోన్ చేశారు.

“తమ్ముడూ, ఎక్కడున్నావ్?”

“ఇంట్లోనే అన్నా.”

“స్వెట్టర్ వేసుకున్నావా మరి? మంచు కొండల్లో ఉన్నట్టున్నావ్.”

ఎవ్రీ=30 అంటే ముప్పై నిమిషాలకోసారి. ఇల్లు ఎక్కడికీ నడిచి పోదు కాబట్టి అది చాలు. పరీక్ష కోసం ఒక నిమిషానికి పెట్టి అలాగే మరచిపోవద్దు. సరిగ్గా ఇంటి గుమ్మం కాకుండా వీధి చివరి కూడలి పెట్టినా నష్టం లేదు. ఈ డేటా అందరికీ కనిపించేదే, ఎప్పటికీ ఎక్కడో ఒకచోట నిల్వ ఉండిపోతుంది.

వయా (ప్యాకెట్ పోవాల్సిన దారి) అన్న భాగం నేను రాయలేదు. చుట్టుపక్కల డిజిపీటర్ ఉంటేనే వయా=వైడ్1-1 పెట్టాలి. పాత ఉదాహరణల్లో కనిపించే పొడుగాటి దారులు పెడితే ఒక్క ప్యాకెట్ పదిసార్లు మోగుతుంది. అలాగే మీ స్టేషన్‌ను మీరే డిజిపీటర్‌గా మార్చే లైను జోలికి ఇప్పుడు పోవద్దు. మనిషి లేకుండా తనంతట తాను ప్రసారం చేసే స్టేషన్ పెట్టే ముందు లైసెన్సు షరతులు చదవాలి, నగరంలో మిగతావాళ్లతో మాట్లాడాలి.

విన్న ప్యాకెట్లను ఇంటర్నెట్‌కు అందించే ఐగేట్ మాత్రం పెట్టుకోవచ్చు, వినడం వరకే. రెండు లైన్లు:

ఐజీసర్వర్ ఆసియా.ఏపీఆర్‌ఎస్2.నెట్
ఐజీలాగిన్ వీయూ3ఎక్స్ఎక్స్ఎక్స్-10 12345

చివరి అంకె మీ కాల్‌సైన్ నుంచి లెక్కగట్టే పాస్‌కోడ్. ఇక్కడ రాసింది ఉత్తుత్తిది. ఐజీటీఎక్స్‌వయా అన్న లైనును హ్యాష్ వెనకే ఉంచితే ఇంటర్నెట్ నుంచి గాలిలోకి ఏమీ పోదు.

రీబూట్ తర్వాత దానంతట అదే మొదలవ్వాలంటే డైర్‌వుల్ఫ్‌తో వచ్చే డీడబ్ల్యూ-స్టార్ట్ స్క్రిప్టును క్రాన్‌లో (చెప్పిన సమయానికి పనులు నడిపే లినక్స్ సదుపాయం) నిమిషానికోసారి నడిచేలా పెట్టండి. ప్రోగ్రామ్ నడుస్తుంటే అది ఊరుకుంటుంది, పడిపోయి ఉంటే లేపుతుంది. కరెంటు పోయి వచ్చే మన వేసవి ఉరుముల సీజన్‌లో ఇది అక్కరకొస్తుంది. ఉరుములు దగ్గరికొస్తే మాత్రం యాంటెన్నా తీగ ఊడదీయడానికి మీరే లేవాలి.

ఏడో పని: ఇద్దరు మాట్లాడుకోవడం

బీకన్లు ఎవరు విన్నారో తెలియని కేకలు. ప్యాకెట్ రేడియో అసలు రుచి కనెక్ట్ మోడ్‌లో ఉంది. ఒకరు పంపిన ప్రతి ప్యాకెట్‌కూ అవతలివారి సాఫ్ట్‌వేర్ రసీదు ఇస్తుంది, రాకపోతే మళ్లీ పంపుతుంది.

డైర్‌వుల్ఫ్ నడుస్తుంటే వేరే ప్రోగ్రాములు తనతో మాట్లాడడానికి రెండు తలుపులు తెరిచి ఉంచుతుంది. 8000 పోర్టు ఏజీడబ్ల్యూ పద్ధతిలో మాట్లాడే ప్రోగ్రాములకు, 8001 కిస్ పద్ధతిలో మాట్లాడేవాటికి. లాప్‌టాప్‌లో క్యూటీటెర్మ్‌టీసీపీ లాంటి టెర్మినల్ వేసి, ఏజీడబ్ల్యూ హోస్టుగా పై ఐపీ చిరునామా, పోర్టు 8000 ఇవ్వండి. మీ కాల్‌సైన్ రాసి, స్నేహితుడి కాల్‌సైన్‌కు కనెక్ట్ కొట్టండి. ఏపీఆర్‌ఎస్ ఛానల్ మీద కాకుండా ఇద్దరూ ముందే అనుకున్న వేరే ఫ్రీక్వెన్సీలో చేయాలి ఇది.

ఇక్కడ మూడు విలువలు కాన్ఫిగ్‌లో మార్చుకోవచ్చు. ప్యాక్‌లెన్ ముందుగా 256 ఉంటుంది. మ్యాక్స్‌ఫ్రేమ్ 4, అంటే రసీదు కోసం ఆగకుండా వరుసగా నాలుగు ప్యాకెట్లు. ఫ్రాక్ 3, అంటే రసీదు కోసం మూడు సెకన్లు ఎదురుచూడడం. సిగ్నల్ బలంగా ఉంటే ఇవి చక్కగా నడుస్తాయి. గుట్టల మధ్య బలహీనమైన లింకులో ప్యాక్‌లెన్‌ను 80కి, మ్యాక్స్‌ఫ్రేమ్‌ను 1కి తగ్గించండి. పొడుగు ప్యాకెట్‌లో ఎక్కడో ఒక బిట్ పోయే అవకాశం ఎక్కువ, పోతే మొత్తం మళ్లీ పంపాలి. పొట్టివైతే పోయినా నష్టం తక్కువ.

కనెక్ట్ అవుతోంది గానీ మాట పోవడం లేదంటే సాధారణంగా ఒక వైపు వినడం బాగుండి, ఇంకో వైపు బాగుండకపోవడమే కారణం. ఎవరి తెర మీద రసీదులు కనిపించడం లేదో చూసి, ఆ వైపు మూడో పనికి వెళ్లండి. మళ్లీ మళ్లీ ఒకే ప్యాకెట్ పోతూ చివరకు పది ప్రయత్నాల తర్వాత తెగిపోతే, పంపేవాడి టీఎక్స్‌డిలే చూడండి. రసీదు వస్తున్న క్షణంలోనే మన రేడియో ఇంకా పంపుతూ ఉంటే అది వాక్స్ మహిమ.

ఒక్క హెచ్చరిక మిగిలింది. ఇక్కడ టైప్ చేసే ప్రతి అక్షరం గాలిలో తెరిచిన ఉత్తరం. అమెచ్యూర్ బ్యాండ్లలో గుప్తీకరణ కుదరదు. నేనూ మా స్నేహితుడూ మొదటి రోజు కనెక్ట్ అయ్యాక అరగంట ఏం మాట్లాడుకున్నామో నా లాగ్ ఫైలులో ఇంకా ఉంది. ముప్పావు వంతు “వచ్చిందా?”, “వచ్చింది”. మిగతా పావు వంతు ఆ రాత్రి బిర్యానీ ఎక్కడ తిందామన్న చర్చ.